లోయ చూసే మలుపు

మైదానంలో పరుగుకు పేరుమోసిన గుర్రం చిత్రాంగి కొత్తగా కొండమీదికి మనుషుల్ని మోసే పనిలో చేరింది. అక్కడి ముసలి కంచరగాడిద సింగన్న ప్రతి మలుపులోనూ ఆగి, లోయకేసి చూస్తూ నిలబడేవాడు. చిత్రాంగికి నవ్వొచ్చింది.

"నువ్వు లోయ చూస్తూ ఉండు తాతా, నేను శిఖరం చూసొస్తా!" అంటూ, వీపుమీద మనిషితో సహా దౌడు తీసింది.

మూడో మలుపుకే ఊపిరందలేదు. అడుగు తడబడి అంచువైపు తూలింది. వీపుమీది మనిషి కెవ్వుమని దారిమీదికి దూకేశాడు.

సింగన్న తాపీగా వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏమ్మా, ఆగావేం?"

"ఏం లేదు తాతా... లోయ బాగుందని... చూస్తున్నా" అంది చిత్రాంగి రొప్పుతూ.

సింగన్న నవ్వాపుకున్నాడు. "చూడమ్మా, తీరిగ్గా చూడు. ఇక్కడ గాలి పలచన, ఊపిరి కుదుటపడేదాకా చూడాలి. నేనూ మొట్టమొదట లోయ చూసింది ఈ మలుపులోనే."