ఐలా చెప్పిన గేరు

హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ ఐలా మరొకసారి భర్త వైపు చూసింది. ఒస్మో ముఖం తిప్పలేదు. ఎడమ పక్క స్టీరింగు దగ్గర కూర్చున్న అతని కుడిచేయి అప్పటికే గేరు రాడ్డు మీద ఉన్నది.

ఒస్మో తమ్ముడు, తైస్తో అనేవాడు, అడవిబాటకు అడ్డంగా దూలం వేసి కారు దగ్గరకు వచ్చాడు. అటు చివర కూడా మనిషిని నిలబెట్టాననీ, దుప్పి తప్ప మరేదీ ఎదురు రాదనీ చెప్పాడు. తర్వాత ఐలా వైపు కిటికీలోకి వంగి గొంతు తగ్గించాడు.

"ఇప్పటికైనా మానెయ్యొచ్చు వదినా. అన్నయ్యకైతే పిచ్చి. నీకేమొచ్చింది?"

"ఆయన ఎవరి మాట విన్నాడు గనక."

"ఆటోమేటిక్ కారు కొనుక్కోమను," అన్నాడు తైస్తో, ఈసారి అన్నకు వినబడేలా. "ముసలాళ్ళకు అదే మేలు."

"అది కారు కాదురా, లిఫ్టు," అన్నాడు ఒస్మో. "ఎక్కి కూర్చుంటే మోసుకుపోతుంది. నేనింకా మూటను కాలేదు."

తైస్తో నవ్వబోయి మానుకున్నాడు.

ఇరవై ఏళ్ళ పాటు ర్యాలీ పందేల్లో ఒస్మో నడిపేవాడు, పక్కన కూర్చుని ఐలా దారి చెప్పేది. మలుపు ఎంత వాడిదో వారు గేరుతోనే కొలిచేవారు. ఆమె "ఎడమ మూడు" అంటే, ఎడమకు తిరిగే మలుపు, మూడో గేరులో తిరగవచ్చని అర్థం; అంకె తగ్గేకొద్దీ మలుపు వాడి. ఆ అంకెను ఒస్మో ఏనాడూ ప్రశ్నించలేదు. క్రిందటి వేసవిలో, ఇదే బాట మీద, బండరాయి పక్కన ఉన్న మలుపుకు రెండు అనవలసిన చోట ఆమె నాలుగు అన్నది.

ఆ తర్వాత ఆసుపత్రిలో గానీ ఇంట్లో గానీ అతడు ఆ ప్రస్తావన తేలేదు. ఒక్క నిష్ఠూరమైనా ఆడలేదు. అదే ఆమెను భయపెట్టింది. చలికాలమంతా షెడ్డులో, దీపమైనా వేసుకోకుండా, నుజ్జయిన కారు గేర్‌బాక్సు విప్పి మళ్ళీ బిగించాడు. ఆ చీకట్లో నుంచి వచ్చే ఇనుప చప్పుడుకు ఐలాకు కునుకు పట్టేది కాదు. నిన్న ఆవిరి గదిలో కూర్చుని ఉన్నట్టుండి, మళ్ళీ ఆ బాట మీదికే పోదామనీ, దారి ఆమే చెప్పాలనీ అన్నాడు. కాదనే హక్కు తనకు లేదనుకున్నది. ఆ బండ దగ్గర భర్త తనతో లెక్క తేల్చుకోబోతున్నాడని మాత్రం ఆమెకు గట్టిగా తోచింది.

క్లచ్ వదలగానే కారు ముందుకు దూకింది. ఇంజను గొంతు హెచ్చి, అంచుకు చేరి, రెప్పపాటు తెగి, మళ్ళీ కింది శ్రుతిలో అందుకున్నది. ఆ రెప్పపాటులో అతని ఎడమకాలూ కుడిచేయీ ఒకే ప్రాణిలా కదిలాయి. ఏడాదిగా కనబడని చిరునవ్వు అతని పెదవుల మీద వెలిసింది. దానిని చూసి ఐలా సీటు అంచు గట్టిగా పట్టుకున్నది.

"కుడి మూడు. ఇప్పుడు."

"గట్టిగా చెప్పు," అన్నాడు మైకులో. "నీ నోరు ఆగితే మనమూ ఆగినట్టే."

ఆమె ఊపిరి తీయకుండా చెబుతూ పోయింది. కంకర కారు అడుగున వడగళ్ళలా మోగుతున్నది. మూడు, నాలుగు, మళ్ళీ మూడు. అతని చేతిలో ప్రతి గేరూ తాళంచెవి తిరిగినంత మెత్తగా పడుతున్నది. తిన్నని దారి వచ్చింది. దాని కొసన బండరాయి.

వేగం తగ్గలేదు.

"పోయినసారి ఇక్కడ ఏం చెప్పావు?" అన్నాడు ఒస్మో.

ఐలా బండ వైపే చూస్తూ చెప్పింది, "నాలుగు."

"ఊఁ. ఇవాళ?"

బండ పెరుగుతూ ఎదురొస్తున్నది. అతని పాదం యాక్సిలరేటరు మీద నుంచి లేవలేదు. తన నోట అంకె వచ్చేదాకా అది లేవదని ఆమెకు అర్థమైంది.

"ఎడమ రెండు," అన్నది, గొంతు చీరుకుపోయేలా. "ఇప్పుడు, ఒస్మో."

బ్రేకు. క్లచ్. మూడు. రెండు. ఇంజను గావుకేక పెట్టింది. కారు వెనుకభాగం పక్కకు జారింది. బండరాయి ఐలా కిటికీని జానెడు దూరంలో దాటిపోయింది.

చెరువు గట్టు దగ్గర ఆమె ఆపమన్నది. అతడు ఆపాడు.

"సరిగ్గా చెప్పావు," అన్నాడు ఒస్మో నెమ్మదిగా. "రేపు కూడా వస్తావా?"

ఐలా దిగి, కారు చుట్టూ నడిచి వెళ్ళి తలుపు తీసి, క్రిందటి వేసవిలో ఆ బండ దగ్గరే రెండు కళ్ళ చూపూ పోగొట్టుకున్న భర్తను చేయి పట్టి దింపింది.