తువాలు కింద బేరం

మొదట్లో నూకరాజుకి ఉన్నవి అనకాపల్లిలో బెల్లం కొట్టు, ముప్ఫై ఏళ్ల కాపురం, నిద్రపట్టని భార్య రత్నం. అప్పటికే ప్రతి ఇంటి గోడలోనూ ఒక యంత్రం ఉండి, గోడే మనసుకు వైద్యం చేసేది. మాత్ర ఇచ్చేది, ఓదార్చేది. రత్నం మాత్రం "గోడకి నా బాధేటి తెలుస్తాది?" అని రెండేళ్లు వరసలో ఆగి, జిల్లా మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క మనిషి డాక్టరు దగ్గర వైద్యానికి చేరింది. ఆ ఇమ్మానుయేలు మందు రాసి, మంగళవారం మంగళవారం గంటసేపు ఆమె మాట కూడా వినేవాడు.

రత్నం ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లి, తేటపడ్డ మొహంతో వచ్చేది. తన కొట్టుకి అలా ఎన్నడైనా వచ్చిందా అని నూకరాజు లెక్కేసుకున్నాడు.

"ఆయనకి గంటసేపు ఏటి సెప్తావే?"

"నువ్వడగనియ్యన్నీ, మావా."

కడుపు మండి డాక్టరు దగ్గరికే పోయాడు. "మందు మీరు రాయండి బాబూ. మాటలు నాకొదిలేయండి."

"సంతోషం. ఈరోజే మొదలెట్టండి," అన్నాడు డాక్టరు.

నూకరాజు ఇంటికొచ్చి రత్నం ఎదురుగా కూర్చున్నాడు. జీవితమంతా బెల్లం బేరాల్లో నోరు విప్పకుండా, తువాలు కింద అవతలివాడి వేళ్లు నొక్కి ధర తేల్చినవాడు. భుజం మీది తువాలు తీసి ఆమె చేతి మీద కప్పి, కింద వేళ్లు పట్టుకున్నాడు.

"బాధ ఎంతుంది?"

ఆ బేరాలన్నీ కొట్టులో చూసిందే రత్నం. అతని వేళ్లు నాలుగు నొక్కింది.

"అంతుందా?"

"పోయినేడు నీ రెండు సేతులూ సాలేవి కావు, మావా."

మంగళవారం గంట ఇప్పటికీ డాక్టరుదే. నూకరాజుకి దక్కినవి ఆ నాలుగు వేళ్లు. వాటి సంగతి డాక్టరుకి చెప్పనని రత్నం చేత ఒట్టు వేయించుకున్నాడు.