అంచులు కొయ్యని పుస్తకం

“గీ పుస్తకమే కావాల్నా? దీన్ని ఎవ్వరూ ముట్టరు పెద్దమ్మా!”

సూర్యాపేట గ్రంథాలయం చూసుకునే మట్టయ్య అరిచినంత పని చేశాడు.

ఎదురుగా నిలబడ్డ ముసలామె సత్తెమ్మ. ఆర్నెల్ల కింద పోయిన హాస్య రచయిత రాజారత్నం భార్య. మిర్యాలగూడ నుంచి వచ్చింది. చదువు రాదు.

ఆమె చేతిలో భర్త రాసిన పద్యాల పుస్తకం. 1946లో అచ్చయింది. అప్పటి పుస్తకాల పేజీలు మడతలతో కలిసే వచ్చేవి, అంచులు కత్తితో కోస్తేనే విడేవి. మూడేళ్లయినా దాని అంచులు కోసి పేజీలు విప్పిన పుణ్యాత్ముడు లేడు.

“గడబిడల ఇల్లు కాలినప్పుడు మా ఇంట్లవి పోయినయి బిడ్డా. గీడ ఒకటున్నదని చెప్పిన్రు. రెండు పద్యాలు సదివి ఇనిపియ్యి. కోదాడ బస్సు వచ్చేదాక ఉంట.”

“మల్లొచ్చినప్పుడు సూద్దాం.”

“మల్ల యాడొస్త? ఇగ కోదాడల మా చెల్లె ఇంట్లనే ఉంట.”

“ఆయన ఉన్నప్పుడే సదివిచ్చుకోకపోయినవ్?”

“సిగ్గుపడేటోడు. తలుపేసుకొని రాసేటోడు.”

మట్టయ్యకు చిర్రెత్తింది. రాజారత్నం నాటికలంటే అతనికి ప్రాణం. అంతటివాడు పద్యాలు రాసి పేరు చెడగొట్టుకున్నాడని కోపం.

“పద్యాలెందుకు? అసలు సరుకు ఇను!” అని నాటికల పుస్తకం తీశాడు. ఎవరు చెప్పినా వినే రకమా!

బిగ్గరగా చదువుతూ అత్తాకోడళ్ల తగువు దగ్గర బల్ల చరిచి నవ్వాడు. పత్రికలు చదువుకుంటున్నవాళ్లు కూడా పడీపడీ నవ్వారు.

సత్తెమ్మ నవ్వలేదు.

“నవ్వు రాదా నీకు?”

“ఇది నాకు ఎరికే బిడ్డా. ఎరిక లేనిది సదువు.”

“జరాగు, ఇంకొక్క పేజీ!”

“పద్యం కరువదు కొడుకా. దానికింకా పండ్లు గూడ రాలే.”

ఆ మాట మట్టయ్య చెవికెక్కలేదు. మరో నాలుగు పేజీలు చదివాడు. ఆమె ముఖంలో చిరునవ్వైనా లేదు. అతనికి ఒళ్లు మండింది.

“ఇంత నవ్విచ్చిన మనిషి నీతోని ఎట్ల ఏగిండో!”

సత్తెమ్మ ముఖం చిన్నబోయింది.

బయట బస్సు హారన్ మోగింది. “కోదాడ! కోదాడ!” అని కండక్టర్ కేక.

“ఒక్క పద్యమన్న సదువు కొడుకా.”

“ఇప్పుడు కత్తి దేవులాడాలె, అంచులు కొయ్యాలె... బస్సు పోతది, నడువు నడువు!”

ఆమె పుస్తకాన్ని చేత్తో నిమిరి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. బస్సు కదిలింది.

“ఛీ, మొద్దు మనిషి!” అనుకున్నాడు మట్టయ్య. ఆ మహానుభావుడికి ఇలాంటి ఇల్లాలా అని ఉక్రోషం. అసలు ఈ పద్యాల్లో ఏముందని ఇంత రంధి?

కత్తి సొరుగులోనే ఉంది. మొదటి మడత కోశాడు.

ముందుమాట నాలుగు వాక్యాలే.

“నన్ను హాస్య రచయిత అన్నారు. నిజం చెప్పడానికి సిగ్గుపడి ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. నావి ఈ పద్యాలొక్కటే. ఆ నాటికల్లో మీరు నవ్విన ప్రతి మాటా మా సత్తెమ్మ పొయ్యి దగ్గర కూర్చుని అన్నది, నేను రాసుకున్నానంతే.”