గుమాస్తా మీసం

"సరిగ్గా చూసి చెప్పు. వీడు ఆ నటుడేనా, కాదా?"

ఇన్‌స్పెక్టర్ గొంతులో విసుగు. టేబుల్ అవతల కుర్చీలో బేడీలతో ఒక మనిషి. గుబురు మీసం, చెంపల దగ్గర నెరిసిన జుట్టు, ముడతలు పడ్డ నుదురు. ఊరూవాడా ఎరిగిన గుమాస్తా మొహం.

ఇవతల కుర్చీలో, మేకప్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దాయన. బట్టతల, మందపాటి ఫ్రేము కళ్ళజోడు. పొద్దున కానిస్టేబుల్ వెళ్ళి మేకప్ మాస్టారి ఇంటి తలుపు తడితే తీసింది ఈయనే. పెట్టె పట్టుకుని జీపెక్కమన్నాడు. వెనక గుమ్మం తెరిచే ఉంది. పారిపోదామనే అనుకున్నాడు పెద్దాయన. కాళ్ళు రాలేదు. స్టేషన్లో ఉన్న మనిషి తనకు అంత కావలసినవాడు.

ఆ నటుడి సంగతి చెప్పాలంటే, ముప్పై ఏళ్ళు సినిమాల్లో ఏ వేషం ఇచ్చినా కాదనలేదు. వాచ్‌మన్, జడ్జి, పెళ్ళికూతురి మేనమామ. పోస్టర్ మీద ఒక్కసారి కూడా మొహం పడలేదు. ఆఖరికి లంచం ముట్టని గుమాస్తా వేషం తగిలింది. జనం నెత్తిన పెట్టుకున్నారు. మిల్లు మూతపడి కార్మికులు రోడ్డున పడ్డప్పుడు వాళ్ళ తరఫున మైకు పట్టుకున్నాడు. మీటింగులకూ గుమాస్తా వేషంలోనే వెళ్ళేవాడు. వేషం లేకపోతే పక్కన నిలబడ్డా ఎవరూ పోల్చుకోరు మరి! మంత్రులను పేరు పెట్టి మరీ కడిగేశాడు. సినిమాలు ఆగిపోయాయి. నోరు మాత్రం ఆగలేదు.

నిన్న మీటింగు మీద పోలీసులు విరుచుకుపడ్డారు. గుమాస్తా దొరికిపోయాడు.

"నేనే ఆయన్నని వీడే ఒప్పుకుంటున్నాడు. పైవాళ్ళకు నమ్మకం కుదరట్లేదు. అసలు మొహం చూడందే ముందుకు పోవద్దన్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నీళ్ళు పోసి రుద్దినా ఈ రంగు చస్తే పోవట్లేదు. రంగు లేకుండా వాణ్ణి చూసినవాడివి నువ్వొక్కడివే. తుడువు."

"తుడిచాక ఏం చేస్తారండీ?"

"వాడే అయితే సాయంత్రానికి పెద్ద జైలు. ఇక బయటి గాలి పీల్చడు. కాదని బొంకావో, నువ్వూ వాడి పక్కనే. నువ్వేం నటుడివి కాదుగా, అబద్ధమాడితే మొహంలో ఇట్టే తెలిసిపోతుంది."

పెద్దాయన పెట్టె తెరిచి స్పిరిట్ సీసా కోసం వెతికాడు. పై అరలో లేదు. కింద లేదు. చేతులు తడబడుతున్నాయి. కుర్చీలో మనిషి రెప్ప వాల్చకుండా పెట్టె ఎడమ మూలకేసి చూశాడు. సీసా అక్కడే ఉంది.

పెద్దాయన దూదితో మీసం తడిపాడు. మధ్యలో పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

"అబ్బా!"

కుర్చీలో మనిషికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెద్దాయన వైపు కొరకొరా చూశాడు.

"ముప్పై ఏళ్ళ సర్వీసయ్యా నీది! ఇంత మోటా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"స్టేషన్ అంటే భయమండీ. చెయ్యి వణుకుతోంది."

ఇన్‌స్పెక్టర్ ఆయన్ని ఒక్క క్షణం ఎగాదిగా చూశాడు. తర్వాత ఫైలు తెరిచాడు.

"ఎడమ కనుబొమ మీద మూడు కుట్ల మచ్చ. కుర్రతనంలో నాటకమాడుతుంటే తెర కట్టిన కర్ర మీద పడిందట. అక్కడ తుడువు. మచ్చ ఉందో, వాడే."

పెద్దాయనకు చెమటలు పట్టాయి. ముక్కు మీదికి జారుతున్న కళ్ళజోడును మోచేత్తో పైకి తోసుకున్నాడు. దూదిని నూనెలో ముంచి కనుబొమ మీద పెట్టాడు. ఒకసారి రుద్దాడు. రెండోసారి రుద్దాడు. ఇన్‌స్పెక్టర్ లేచి వచ్చి, ఆయన భుజం పక్క నుంచే వంగి చూశాడు. ఆ ఊపిరి చెవికి తగులుతుంటే పెద్దాయనకు పై ప్రాణాలు పైనే పోయాయి.

రంగంతా వచ్చేసింది. మచ్చ లేదు.

"కాదండీ" అన్నాడు పెద్దాయన. "ఈయన ఆయన కాదు."

ఇన్‌స్పెక్టర్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. నటుడు దొరికాడని నిన్ననే పత్రికలన్నిటికీ ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నాడు. పదకొండింటికి విలేకరులను రమ్మన్నాడు. ఇప్పుడు పదకొండుకు పావు తక్కువ.

"మరి ఎవడివిరా నువ్వు?"

"ఆయనంటే ప్రాణమండీ. ఆయన్ని పట్టుకుంటారని తెలిసి, బదులుగా నేను వేషం కట్టాను."

బయట వ్యాను ఆగిన చప్పుడు. కానిస్టేబుల్ తలుపులోంచి తొంగిచూశాడు.

"పత్రికలవాళ్ళు వచ్చేశారండీ. ఫోటోకి గుమాస్తాని పంపమంటున్నారు."

ఇన్‌స్పెక్టర్ పళ్ళు నూరాడు.

"బేడీలు తియ్. ఇద్దర్నీ వెనక గేటు నుంచి తగలెయ్. ఈ సంగతి ఎక్కడైనా నోరు జారారో, తోలు వలుస్తా!"

ఇద్దరూ వీధిలోకి వచ్చారు. పరిగెత్తాలని ఉన్నా మామూలుగానే నడిచారు. రెండు సందులు తిరిగాక, షట్టర్ దించిన కొట్టు ముందు ఆగారు. వెనక ఎవరూ లేరు. పెద్దాయన కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నాడు. విడుదలైన మనిషి ఆయన చేతిలోంచి పెట్టె అందుకుని, ఎర్రగా వాచిన పై పెదవి తడుముకున్నాడు.

"ముప్పై ఏళ్ళుగా మీ మీసం నేనే తీస్తున్నా కదా సార్, ఒక్కనాడైనా ఇలా మధ్యలోంచి పీకానా?"