నలభై ఏడేళ్ళ అనుభవం

"వేలెత్తు," అన్నాడు ఫెస్టస్.

ఎదురుగా వస్తున్న ట్రాక్టరు ఎవరిదో ఊనాకి తెలియదు. అయినా స్టీరింగు మీంచి చూపుడువేలు ఎత్తింది. ట్రాక్టరులోని మనిషీ వేలెత్తాడు. మేయో ప్రాంతపు పల్లెల్లో ఎదురుపడిన బండిని అలా పలకరించకపోతే పొగరుబోతు కింద జమకడతారని ఫెస్టస్ మొదటి రోజే చెప్పాడు.

శని ఆదివారాలు ఆ ఆలుమగలకి కారే షికారు, కారే చదువు. శనివారం మల్రానీ తీరానికి, ఆదివారం చర్చిలో పూజ కాగానే వెస్ట్‌పోర్ట్‌కి. ఫ్లాస్కులో టీ, కాగితంలో చుట్టిన హామ్ శాండ్‌విచ్‌లు, వెనక సీటులో గొడుగు. ఊనా నడుపుతుంది, ఫెస్టస్ పక్కన కూర్చుని పాఠం చెబుతాడు. మూడేళ్ళ కిందట, యాభై ఏడో ఏట అతన్ని పెళ్ళాడి వచ్చేదాకా ఆమె బతుకంతా బర్మింగ్‌హామ్ నగరంలో బస్సులెక్కి తిరగడంతోనే గడిచింది, స్టీరింగు ముట్టిందే లేదు. ఇక్కడ పాలు కావాలన్నా పదకొండు మైళ్ళు పోవాలి. బస్సు వారానికి ఒక్కటి, అదీ దాని దయ.

అక్టోబరులో ఫెస్టస్‌కి డెబ్బై నిండుతాయి. ఆ తర్వాత లైసెన్సు మళ్ళీ ఇవ్వాలంటే డాక్టరు సంతకం ఉండాలి. మసకబారిన ఆ చూపుతో తాను సంతకం పెట్టనని కళ్ళ డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. ఈలోగా ఊనాకి లైసెన్సు రాకపోతే ఇల్లూ, ఆరు ఆవులూ అమ్మేసుకుని పట్నంలో ఏ రెండు గదుల్లోనో సర్దుకోవాలి. ఫెస్టస్ తన చేత్తో కట్టుకున్న ఇల్లది. ఆ మాట వస్తే అతను లేచి ఆవుల దగ్గరికి వెళ్ళిపోతాడు.

ఊనా ఇప్పటికి మూడుసార్లు పరీక్ష తప్పింది. తప్పిన ప్రతిసారీ తప్పులు రాసి చేతికిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, అతని కంటపడకుండా సొరుగులో దాచేది. అంత గొప్ప గురువు దొరికీ తన బుర్రకెక్కడం లేదని ఆమెకి సిగ్గు. ఫెస్టస్ మాత్రం ఆమెని ఒక్క మాట అనలేదు. పరీక్ష పెట్టేవాళ్ళంతా నిన్నగాక మొన్న పుట్టినవాళ్ళని, వాళ్ళకి రోడ్డంటే ఏం తెలుసని విసుక్కునేవాడు. ఊనాకి అది నిజమే అనిపించేది. నలభై ఏడేళ్ళుగా నడుపుతున్నాడు, బండికి గీత పడలేదు.

"దిగుడులో గేరు తీసెయ్," అనేవాడు. "పెట్రోలు మిగులుతుంది."

అద్దంలోకి మాటిమాటికీ చూస్తే కసిరేవాడు. మనం పోయేది ముందుకైతే వెనక్కి చూపులెందుకనేవాడు. కూడలిలో ఎవరూ లేనప్పుడు బండి ఆపడం, ఖాళీ ఇంటి తలుపు తట్టడం లాంటిదేనట. ఊనా అన్నీ బుద్ధిగా నేర్చుకుంది.

ఒక్క సంగతి మాత్రం ఆమెని తొలిచేది. ఇంతటివాడు తన పరీక్ష రోజున ఎలా నడిపి ఉంటాడు? మల్రానీలో సముద్రానికి ఎదురుగా శాండ్‌విచ్ తింటూ అడిగేసింది, మొదటిసారికే పాసయ్యావా అని.

"రెండోసారి పోవాల్సిన పని పడలేదు."

"పరీక్ష పెట్టినాయన కఠినంగా ఉన్నాడా?"

"నన్నొక్క ప్రశ్న అడిగితే ఒట్టు," అని ఫెస్టస్ ఐస్‌క్రీమ్ బండి వైపు నడిచాడు.

ఒక్క ప్రశ్న కూడా అడగలేదంటే ఎంత బాగా నడిపి ఉండాలో అనుకుంది ఊనా. కాస్త కుళ్ళుకుంది కూడా.

నాలుగో పరీక్ష సెప్టెంబరులో, గురువారం, కాజిల్‌బార్‌లో. ఇదీ పోతే మళ్ళీ తేదీ దొరికేసరికి అక్టోబరు దాటిపోతుంది. ఆ పొద్దున ఊనా కిందికి దిగేసరికి ఫెస్టస్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు వెతుకుతూ సొరుగు తీసినట్టున్నాడు. మూడు కాగితాలూ పరిచి, భూతద్దం పట్టుకుని ఒక్కో తప్పూ చదువుతున్నాడు. టోస్టు చల్లారిపోయింది. ఏమైనా అంటాడేమోనని ఆమె చూసింది. అతను కాగితాలు మడతపెట్టి కోటు వేసుకున్నాడు.

దారి పొడుగునా పాఠం లేదు. ఊనా దిగుడులో గేరు తీసినప్పుడు ఏదో చెప్పబోయి మానేశాడు. పరీక్షా కేంద్రం ముందు బండి ఆగాక అప్పుడు నోరు విప్పాడు.

"ఊనా, ఇవాళ నేను చెప్పినవేవీ చెయ్యకు."

"ఏవీ చెయ్యొద్దా?"

"ఒక్కటీ వద్దు. అద్దం చూడు. గేరు తియ్యకు. కూడలి వస్తే ఆగు. సాక్షాత్తూ పోప్‌గారే ఎదురొచ్చినా వేలెత్తకు."

హాస్యమేమో అనుకుని మొహంలోకి చూసింది. చెవులు ఎర్రబడి ఉన్నాయి. అడుగుదామనుకునేలోపు లోపల్నించి ఆమె పేరు పిలిచారు.

నలభై నిమిషాలు ఊనా తన వేళ్ళతో తానే యుద్ధం చేసింది. ఒక ట్రాక్టరు, రెండు పాల లారీలు ఎదురొచ్చాయి. పలకరించకుండా పోతున్నందుకు ప్రాణం ఉసూరుమంది. అద్దం చూసింది, కూడలి వస్తే ఆగింది, దిగుడులో గేరు మీద చెయ్యే వెయ్యలేదు.

బయటికి వచ్చేసరికి ఫెస్టస్ టోపీ చేత్తో పట్టుకుని వానలో నిలబడి ఉన్నాడు. గొడుగు వెనక సీటులోనే ఉంది. ఆమె కాగితం చూపించింది. అతనికి అక్షరాలు ఆనలేదు. పాసయ్యానని నోటితోనే చెప్పింది. అతను ఆమెని గట్టిగా పట్టుకుని ఏడ్చేశాడు. ఆవులకి చెప్పాలి అన్నాడు.

బండిలో కూర్చుని ఇద్దరూ టీ తాగారు. సంతోషం కడుపునిండా ఉన్నా ఊనాకి ఆ అనుమానం మాత్రం తీరలేదు.

"నీ పాఠాలు పాటించి నేను మూడుసార్లు తప్పాను," అంది. "అలాగే నడిపి నువ్వెలా పాసయ్యావు ఫెస్టీ?"

ఫెస్టస్ ఫ్లాస్కు మూత బిగించాడు.

"ఆ ఏడాది పరీక్షకి జనం మరీ ఎక్కువైపోయారని, వరసలో ఉన్న మా అందరికీ సర్కారువాళ్ళు లైసెన్సులు టపాలో పంపేశారు."