చెరువులో పడని కమ్మలు

తెల్లారేసరికి గౌరహరి మైతి చెరువులో చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మూడు రోజులుగా మబ్బు. ఆకు కదలదు. నీళ్లలో ఆక్సిజన్ అయిపోయింది. కరెంటు పోయి, నీళ్లు చిలికే ఏరియేటర్ మూలన పడింది. ఇంకో గంట ఇలాగే ఉంటే రెండేళ్లు మేపిన బొచ్చెలు, రాగండ్లు వెల్లకిలా తేలతాయి.

పాతికమంది దిగి నీళ్లు చిలికితేనే అవి బతుకుతాయి.

ఎవర్ని పిలుస్తాడు? సబ్బు నురగ చేపలకు పడదని ఊరివాళ్ల స్నానాలు మాన్పించి, చుట్టూ ముళ్లకంచె వేసిన మహానుభావుడు ఆయనే. కాళ్లు కడుక్కున్న పాపానికి కంసాలి భువన్‌ని నలుగురిలో కడిగేశాడు కూడా.

అయినా గౌరహరి బుర్ర ఊరికే ఉండదు. కంచె తలుపు తీసి గావుకేక పెట్టాడు.

"మా కాజల్ చేపబొమ్మల కమ్మలు చెరువులో పడిపోయాయర్రా! వెతికిపెట్టినోళ్లకి ఒకటి ఇచ్చేస్తా!"

పక్కనే ఉన్న భార్య కాజల్ కొయ్యబారిపోయింది. ఆ వెంటనే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏం నటన అని గౌరహరి మురిసిపోయాడు.

ఊరంతా పరిగెత్తుకొచ్చింది. అందరికంటే ముందు దూకింది భువనే. అతని భార్య చపల గట్టుమీద నిలబడింది. మొగుడికి అన్న వరస అవుతాడని, ఆచారం కొద్దీ గౌరహరి కనబడితే చాలు గడ్డం దాకా ముసుగు లాగుతుంది. ఆ ముసుగులోంచే కేకలు.

"ఆ మూల వదిలేశారేం? కాళ్లు గట్టిగా ఆడించండి!"

"అన్నా, సబ్బు కూడా తెచ్చుకోమంటావా?" భువన్ అరిచాడు.

"నోర్మూసుకుని మునగరా!"

రెండు గంటలు చెరువు కుతకుతలాడింది. చేపలు తేరుకుని అడుక్కి దిగిపోయాయి. కమ్మలు మాత్రం దొరకలేదు. అదేమిటో, ఒక్కడూ విసుక్కోలేదు. నవ్వుకుంటూ బట్టలు పిండుకుని పోయారు.

గౌరహరి ఇంటికొచ్చి మరమరాలు నములుతూ విరగబడి నవ్వాడు.

"వెర్రి వెధవలు! ఒక్క అబద్ధంతో ఊరిని ముంచి తేల్చా! ఇక పెట్టెలోంచి ఆ కమ్మలు తీసి పెట్టుకోవే."

కాజల్ తలుపు చాటుకు జరిగింది.

"మీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు భువన్‌కి అమ్మేశానండీ, నెల రోజులుగా చపల అవే పెట్టుకుని మీ ముందు తప్ప ఊరందరి ముందూ తిరుగుతోంది."