పటంలో పడినవాళ్ళు

శ్రీరంగ ఆ వీధిలో కాలు పెట్టగానే ఎదురింటి తలుపు దఢాలున మూసుకుంది. పక్కింటి అరుగు మీద వడియాలు పెడుతున్న ఇల్లాలు గిన్నె అక్కడే వదిలేసి, బిడ్డను చంకనేసుకుని లోపలికి పరుగెత్తింది.

"పటం పెట్టె వస్తా ఉండాది! లోపలికి రండి!"

మూడు నెలల కిందటి దాకా ఇదే వీధి అతని కోసం ఎదురుచూసేది. మదురైలో కొన్న చిన్న డబ్బా కెమెరా మెడలో వేసుకుని, మిల్లుకు పోయే ముందు పొద్దున్నే వీధులన్నీ ఒక చుట్టు చుట్టి రావడం అతని సరదా. ఎవరినీ పనిగట్టుకుని నిలబెట్టేవాడు కాదు. బావిలో చేద వేస్తున్న చేతులు, ఎండలో మీసం దువ్వుకుంటున్న తాత, దూదిమూట మోస్తున్న మనిషి, ఏది కంటికి నచ్చితే అది తీసేవాడు. చెయ్యి కదిలి కొన్ని అలుక్కుపోయేవి. వెలుతురు ఎక్కువై కొన్ని తెల్లబోయేవి. బాగా వచ్చినవాటిని ఆ ఇళ్ళకే ఇచ్చి వచ్చేవాడు.

అంతలో వాంతిభేది వచ్చింది. పటం తీసిన నాలుగో రోజున పూలమ్మే కనకం పోయింది. ఆ వారంలోనే మీసాల తాత పోయాడు. పటం ముఖమే ఎరగనివాళ్ళు తొమ్మిదిమంది పోయారు గాని, వాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. పటం పెట్టె ప్రాణం లాగేస్తుందన్న మాట ఊరంతా పాకింది.

"అది నీళ్ళతో వచ్చే రోగం అమ్మా," అన్నాడు శ్రీరంగ తల్లితో.

"నాకు తెలుసు నాయనా. వాళ్ళకు తెలియాల గదా," అంది రంగనాయకి. "ఆ పెట్టెను ఎవరికైనా ఇచ్చెయ్యి."

"ఇచ్చేస్తే వాళ్ళు అన్నది నిజమైపోతాది."

బావుల్లో మందు కలిపారు. రోగం పోయి నెలైంది. తలుపులు మాత్రం ఇంకా మూసుకుంటూనే ఉన్నాయి.

ఆ రోజు వీధి చివర ఒక్క మనిషి మాత్రం లోపలికి పోలేదు. బండి తోలే నరసింహన్ పెళ్ళాం జక్కమ్మ. ఆమె ఎడమ చెయ్యి మోచేతి దగ్గర తిన్నగా సాగదు. నిరుడు నరసింహన్ తాగివచ్చి ఆమెను బండి మీద నుంచి తోసేసినప్పుడు విరిగింది, వంకరగా అతుక్కుంది. వీధిలో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. శ్రీరంగ కూడా ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి కెమెరాను ఇంకో పక్కకు తిప్పేసేవాడు.

"సామీ, మా ఇంటాయన్ను ఒక పటం తీస్తారా?"

శ్రీరంగ ఆగిపోయాడు. "నీకు భయం లేదా జక్కమ్మా?"

"భయమెందుకు సామీ? రోగం పోయింది గదా. ఆయన ఎద్దు మాదిరి మనిషి. పటం తీసినాక కూడా ఆయన రొమ్ము విరుచుకుని తిరిగితే ఈ జనం నోళ్ళు మూసుకుంటారు. మీరు మళ్ళా తలెత్తుకుని నడవొచ్చు."

అతని కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళలో పరాయివాళ్ళ నోట అతను విన్న మొదటి మంచి మాట అది.

నరసింహన్‌కు ఆ మాట చెబితే పొంగిపోయాడు. "పెట్టెను చూసి దాక్కునేదానికి నేనేమన్నా ఆడపిల్లనా? తీయండి రాజా!" ఎద్దు కొమ్ము మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కిటికీల వెనక వీధి వీధంతా ఊపిరి బిగబట్టింది. ఆరేళ్ళ కూతురు ధనాన్ని దగ్గరగా పట్టుకుని జక్కమ్మ గడపలోనే నిలబడింది.

టక్కుమంది కెమెరా.

"చూసినారా? చచ్చినానా?" కిటికీల వైపు తిరిగి పెద్దగా నవ్వాడు నరసింహన్.

మర్నాడు బండి తోలాడు. ఆ మర్నాడూ తోలాడు. శ్రీరంగ నడిచి వస్తుంటే ఒక తలుపు తెరుచుకునే ఉంది. ఇంకొక అరుగు మీద నుంచి ఎవరో నవ్వారు కూడా.

మూడో రోజు మధ్యాహ్నం నరసింహన్‌కు వాంతులు పట్టుకున్నాయి. పొద్దు గుంకేసరికి పోయాడు. వైద్యుణ్ణి పిలవాలని ఎవరికీ తోచలేదు. "పటంలో పడినాడు గదా," అన్నారు, అంతే.

నీళ్ళూ రోగమూ అని వాదించిన శ్రీరంగ ఆ రోజు నుంచి పటంలో పడి పోయినవాళ్ళ పేర్లు పదేపదే గొణుక్కునేవాడు. సన్నికల్లు పొత్రంతో కెమెరాను నుగ్గునుగ్గు చేశాడు. మిల్లుకు పోవడం మానేశాడు. రంగనాయకి ముద్ద కలిపి నోట్లో పెడితే నమిలేవాడు, లేకుంటే లేదు.

పదహారో రోజు దినం అయిపోయాక జక్కమ్మ ఇంటికి పోయాడు. ఆమె దూది ఏరుతూ కూర్చుని ఉంది. ధనం గచ్చకాయలాడుతూ పకపకా నవ్వుతోంది. ఆ పిల్ల నవ్వు ఎలా ఉంటుందో అతనికి అంతకుముందు తెలియదు.

"నీ తాళి తెంచినది నేనే జక్కమ్మా," అన్నాడు, గడప దగ్గరే కూలబడి. "జనం చెప్పినా వినలేదు. నా పంతం కోసం తీసినాను. ఆ బిడ్డకు నాయన లేకుండా చేసినాను."

"ఊరుకోండి సామీ."

"ఎట్లా ఊరుకునేది? కళ్ళు మూస్తే వాళ్ళ ముఖాలే. అమ్మ ముఖం చూసి ఇన్నాళ్ళు ఓర్చుకున్నాను. ఇంక చాలు. ఈ పాపం మోసుకుని నేను బతకలేను. నీకొక మాట చెప్పి పోదామని వచ్చినాను."

జక్కమ్మ చేతిలో దూది కింద పెట్టింది. అతని పెరిగిన గడ్డాన్ని, లోపలికి పోయిన కళ్ళను చూసింది. తర్వాత లేచి బిడ్డను వీధిలోకి పంపింది. అటూ ఇటూ చూసి తలుపు దగ్గరగా వేసింది. వచ్చి అతని ఎదురుగా కూర్చుంది.

"ఇంక నా ప్రాణం మీ చేతిలో ఉండాది," అంది మెల్లగా. "మీ పెట్టె కాదు సామీ, గన్నేరుపప్పు."